తుంటి ఎముక ఆపరేషన్ అయ్యి ఆరు వారాలు దాటింది, అమ్మ అడుగు వెయ్యడం లేదు

వైరా అబ్బాయి:

అందరికీ నమస్కారం. మా అమ్మ గురించి అడుగుతున్నాను. కాస్త పొడుగ్గా ఉంది, ఓపిగ్గా చదవండి.

అమ్మకి 72 ఏళ్ళు. ఖమ్మం జిల్లా వైరా దగ్గర పల్లెటూరు మాది. కార్తీక మాసంలో తెల్లవారుజామున తలస్నానానికి లేచి బాత్రూంలో జారిపడింది. ఎడమ తుంటి విరిగింది. డిశ్చార్జి కాగితం మీద ‘ఇంటర్‌ట్రొకాంటరిక్ ఫ్రాక్చర్, పీఎఫ్‌ఎన్’ అని ఉంది, అంటే తొడ ఎముక లోపల రాడ్డు వేశారు. హాస్పిటల్లో ఉన్నన్ని రోజులూ రాత్రిపూట ఏదేదో మాట్లాడేది, నన్ను పట్టుకుని చనిపోయిన మామయ్య పేరుతో పిలిచేది. ఇంటికొచ్చాక అది తగ్గింది.

మొన్న చెకప్‌కి తీసుకెళ్తే డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, రాడ్డు బాగానే కూర్చుంది, ఎముక అతుక్కుంటోంది, పూర్తి బరువు మోపి నడిపించండి అన్నారు. ఎలా నడిపించాలో అడిగేలోపు తర్వాతి పేషెంటుని పిలిచేశారు.

ఇంట్లో నేనో చెయ్యి, చెల్లెలో చెయ్యి పట్టుకుని ముందుకి లాగి లేపుతున్నాం. వాకర్ పట్టుకుని నిలబడుతుంది. అంతలోనే కళ్ళు తిరుగుతున్నాయంటుంది. ‘పడిపోతాన్రా, కూర్చోబెట్టు’ అని ఏడుస్తుంది. నొప్పి ఉందా అంటే పెద్దగా లేదంటుంది. మిరప కోతలకి చీకటితోనే బయల్దేరి, సాయంత్రం వచ్చి మళ్ళీ పాలు పితికిన మనిషి. ఇప్పుడు రోజంతా మంచం మీదే.

ఇంటికొచ్చిన చుట్టాలు తలా ఒకటి చెబుతున్నారు. పప్పు, గుడ్డు పెడితే చీము పడుతుందని పెద్దమ్మ గట్టిగా చెప్పింది, అందుకని రెండు పూటలా చారన్నం, బీరకాయ కూరతో పథ్యం నడుస్తోంది. ఆ రోజే పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టిస్తే ఈ కోత తప్పేదని బాబాయి అంటున్నాడు. రాత్రి నిద్ర పట్టడం లేదంటే ఊళ్ళో ఆర్ఎంపీ గారు నిద్రమాత్ర రాశారు. బీపీ మాత్ర చాలా ఏళ్ళుగా వేసుకుంటోంది. షుగర్ లేదు.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇంటి నుంచి పని చేస్తున్నాను కానీ నెలాఖరుకి వెళ్ళక తప్పదు. ఆ టెన్షన్‌లో ఒకటి రెండుసార్లు అమ్మ మీద గట్టిగా మాట్లాడాను కూడా. ఇది ఉత్త భయమేనా, లోపల ఏదైనా తేడా ఉందా? అసలు నడక వస్తుందా? ఇక్కడ ఇంటికొచ్చే ఫిజియో దొరకడం కష్టం. తెలిసినవాళ్ళు చెప్పండి.

---

తెనాలి కోడలు:

తమ్ముడూ, మా అత్తయ్యకి కిందటేడు ఇదే ఆపరేషన్. ముందుగా ఒక్క మాట అడుగుతాను, మీ అమ్మగారు రోజుకి నీళ్ళు ఎన్ని తాగుతున్నారో చూశారా?

మా అత్తయ్య గ్లాసు నిండా పోసిస్తే రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసేవారు. ఎందుకో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. నీళ్ళు తాగితే బాత్రూంకి లేపమని మమ్మల్ని పిలవాలి. కొడుకుని పిలవాలంటే సిగ్గు, నన్ను పిలవాలంటే మొహమాటం. అందుకని ఎండబెట్టుకునేవారు. పెదాలు పగిలిపోయి, మూత్రం ముదురు రంగులోకి మారి, చివరికి ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరం వస్తే డాక్టరమ్మ అడిగి మరీ ఈ సంగతి రాబట్టారు. ఆ తర్వాత మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టాం, చేతికి అందేలా చిన్న గంట పెట్టాం. అడగకుండానే రెండు గంటలకోసారి ‘అత్తయ్యా, లేద్దామా’ అని నేనే వెళ్ళేదాన్ని. అప్పుడు నీళ్ళు తాగడం మొదలుపెట్టారు. అలా కుర్చీ దాకా లేచి కూర్చోవడమే ఆవిడకి మొదటి వ్యాయామం అయింది.

పథ్యం సంగతి కూడా చెబుతాను. మా ఇంట్లోనూ ఇదే గొడవ. మా ఆడపడుచు గుడ్డు ముట్టనివ్వలేదు. కుట్లు విప్పే రోజున డాక్టరమ్మ అందరి ముందూ చెప్పారు, పప్పుకీ చీముకీ సంబంధం లేదు, చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పుండు మానాలన్నా కండ పట్టాలన్నా కావలసింది ఆ పప్పూ గుడ్డే అని. మర్నాటి నుంచి పొద్దున గుడ్డు, మధ్యాహ్నం ముద్దపప్పు, సాయంత్రం పెరుగు లేకపోతే పాలు, వారానికి రెండు సార్లు చేపల పులుసు. మీ పెద్దమ్మగారితో వాదించకండి, ఈసారి చెకప్‌కి ఆవిడని కూడా వెంట తీసుకెళ్ళండి. మనం చెబితే వినని మాట డాక్టరు చెబితే వింటారు.

---

ఇంటింటి ఫిజియో, గుంటూరు:

నేను ఫిజియోథెరపిస్టుని. హాస్పిటల్లో కంటే ఇళ్ళకి వెళ్ళి చేయించేదే ఎక్కువ. ఇలాంటి అమ్మలూ నాన్నలే నాకు ఎక్కువ మంది. పైన తెనాలి అమ్మగారు నీళ్ళ గురించి చెప్పినది బంగారం లాంటి మాట, నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అన్న మాట. దాన్ని భయం ఖాతాలో వేసేయకండి. నొప్పి పెద్దగా లేదు, ఎక్స్‌రే బాగుంది, అయినా నిలబడగానే తూలుతున్నారంటే ముందు బీపీ చూడాలి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడిన నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకి ఇంకోసారి చూడండి. అంతసేపు నిలబడలేకపోతే కూర్చోబెట్టి చూడండి, పర్వాలేదు. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే లేచినప్పుడు తలకి రక్తం సరిగ్గా అందడం లేదన్నమాట. వారాల తరబడి పడక, నీళ్ళు తక్కువ, ఉప్పూకారం తగ్గించిన చారన్నం, వీటికి తోడు పొలానికి వెళ్ళి వచ్చే రోజుల్లో సరిపోయిన అదే మోతాదు బీపీ మాత్ర. ఇవన్నీ కలిస్తే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. ఆ అంకెలు కాగితం మీద రాసుకుని డాక్టరుకి చూపించండి. నిద్రమాత్ర సంగతి కూడా ఆయనకే చెప్పండి, పెద్దవాళ్ళు రాత్రి లేచి పడిపోవడానికి అదో పెద్ద కారణం. హిమోగ్లోబిన్ ఒకసారి చూపించండి. ఈ ఎముక విరిగినప్పుడు లోపల పోయే రక్తం, ఆపరేషన్లో పోయే రక్తం కలిస్తే తక్కువేం కాదు. రక్తం తక్కువగా ఉన్న మనిషిని నడవమంటే ఆయాసం వస్తుంది, మనం బద్ధకం అనుకుంటాం.

బాబాయిగారి మాటకి కూడా జవాబు చెప్పాలి. తుంటి దగ్గర తొడ కండరాలు శరీరంలోకెల్లా బలమైనవి. ఎముక విరగగానే అవి ముక్కల్ని ఒకదాని మీదికి ఒకటి లాగేస్తాయి. కాలు పొట్టిగా అయి పాదం బయటకి తిరిగిపోవడం మీరు చూసే ఉంటారు. బయట కట్టే ఏ కట్టూ ఆ లాగుడుని ఆపలేదు. ఆపరేషన్ లేకుండా అతకాలంటే నెలల తరబడి మంచాన పడి ఉండాలి. ఆ వయసులో పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాలి రక్తనాళాల్లో గడ్డలు మొదలై ప్రాణం మీదికి వస్తుంది. అమ్మగారిని వెంటనే ఆపరేషన్‌కి తీసుకెళ్ళి మీరు చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని.

ఇక నడక. నేను ఎవరింటికి వెళ్ళినా మొదటి రోజు నడిపించను. కుర్చీలోంచి లేవడం నేర్పిస్తాను. మీరిద్దరూ చేతులు పట్టుకుని ముందుకి లాగుతున్నారు కదా, అది ఆపేయండి. అలా లాగినప్పుడు ఆవిడ బరువు మీ చేతుల్లో ఉంటుంది, కాళ్ళకి పని ఉండదు. మీరు వదిలేస్తే పడిపోతానన్న భయం అందుకే.

చేతులున్న కుర్చీ తీసుకోండి. ప్లాస్టిక్ కుర్చీ అయితే గోడకి ఆనించండి, లేకపోతే వెనక్కి జారుతుంది. సీటు ఆవిడ మోకాళ్ళ కంటే కాస్త ఎత్తుగా ఉండాలి, తక్కువగా ఉంటే దుప్పటి గట్టిగా మడిచి వేయండి. ముందు సీటు అంచు దాకా జరగాలి. కుడి పాదం మోకాలి కంటే వెనక్కి లాక్కోవాలి, ఎడమ పాదం కొంచెం ముందు. చేతులు కుర్చీ చేతుల మీద ఉండాలి. వాకర్ పట్టుకుని లేవబోతే అది మీదికి తిరగబడుతుంది. ఇప్పుడు ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేంత వరకూ ముందుకి వంగమనండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. భయపడిన మనిషి వెనక్కి వాలుతాడు, వెనక్కి వాలితే పిర్రలు సీటు మీద నుంచి లేవవు. వంగాక చేతులతో నొక్కి లేవాలి. నిలబడి, తల ఎత్తి ఎదురుగా గోడ మీద క్యాలెండర్ చూస్తూ పది అంకెలు లెక్కపెట్టి, కాళ్ళ వెనక భాగానికి కుర్చీ తగిలాక, చేతులు వెనక్కి పెట్టి మెల్లగా కూర్చోవాలి. దబ్బున కూలబడకూడదు. కూర్చోవడం నెమ్మదిగా జరిగితేనే తొడ కండకి బలం వస్తుంది. పూటకి ఐదుతో మొదలుపెట్టండి. చెల్లెలు ఎడమ పక్కన, ఒక అడుగు వెనగ్గా నిలబడి, నడుముకి కట్టిన వెడల్పాటి గుడ్డ బెల్టు పట్టుకుంటే చాలు. చెయ్యి పట్టుకోవద్దు. చీర వద్దు, కుచ్చిళ్ళు వాకర్ కాలి కింద పడతాయి. చీలమండ పైకి ఉండే నైటీ వేయండి. హవాయి చెప్పులు కూడా వద్దు, వెనక పట్టీ ఉన్నవి కొనండి.

మంచం మీద ఉన్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించడం, మోకాలి కింద చుట్టిన టవల్‌ని కిందికి నొక్కి ఐదు లెక్కపెట్టడం, పిర్రలు బిగించి వదలడం, మడమ పిర్ర వైపు జరుపుకోవడం. జరపడానికి దుప్పటి అడ్డుపడితే మడమ కింద పాలిథిన్ కవరు వేయండి, సాఫీగా జారుతుంది.

బరువు మోపడానికి ఒక పద్ధతి చెబుతాను, ఇది నాకు చాలామంది దగ్గర పని చేసింది. బరువు చూసుకునే మిషను ఒకటి సంపాదించండి. వంటింటి గట్టు పట్టుకుని నిలబెట్టి ఎడమ పాదం మిషను మీద, కుడి పాదం అంతే ఎత్తు పీట మీద పెట్టించండి. ‘ఎడమ కాలు మీద బరువెయ్యి’ అంటే ఆవిడకి ఎంత వేస్తున్నారో తెలియదు. మిషను మీద ముల్లు కనబడితే తెలుస్తుంది. 50 కిలోల మనిషి మొదట్లో 8, 10 కిలోలకే ఆగిపోతారు. సగం, అంటే 25 దాకా వచ్చారంటే మామూలుగా నిలబడినంత బరువు ఆ కాలు మోస్తోందన్నమాట. ఆ అంకె రోజూ గోడ మీద చాక్‌పీసుతో రాయండి. మనం చెప్పే ధైర్యం కంటే ఆ అంకె ఎక్కువ ధైర్యమిస్తుంది. డాక్టరు పూర్తి బరువు మోపమన్నారు కాబట్టే ఇది చెబుతున్నాను. వేరేవాళ్ళు చదువుతుంటే మీ సర్జన్ని అడగకుండా చేయకండి, కొందరికి ఎముక ముక్కలైన తీరుని బట్టి కొన్ని వారాలు బరువు వద్దంటారు.

అడుగులు తర్వాత. వాకర్ ముందుకి, ఆపరేషన్ కాలు, ఆ తర్వాత మంచి కాలు. వాకర్ ఎత్తు ఎంతుండాలంటే, నిలబడి చేతులు వేలాడేస్తే మణికట్టు దగ్గరికి పిడి రావాలి. చాలా ఇళ్ళలో షాపువాడు ఇచ్చిన ఎత్తులోనే ఉంచేస్తారు, మనిషి వాకర్ మీద వేలాడుతుంటాడు. కింద రబ్బరు బూట్లు అరిగిపోయాయేమో కూడా చూడండి.

నడక వస్తుందా అని అడిగారు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. తుంటి విరిగిన పెద్దవాళ్ళలో పడకముందు ఎలా నడిచేవారో సరిగ్గా అలాగే మళ్ళీ నడిచేది ఇంచుమించు సగం మందే. మిగిలినవాళ్ళలో చాలామంది కర్రతోనో వాకర్‌తోనో ఇంట్లో తమ పని తాము చేసుకుంటారు. మీ అమ్మగారు నిన్నమొన్నటి దాకా పొలం పని చేసినవారు, షుగర్ లేదు, రాడ్డు బాగా కూర్చుంది, నొప్పి లేదు. ఇవన్నీ మంచి లక్షణాలు. ఎముక అతకడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, కండ బలం ఏడాది దాకా పెరుగుతూనే ఉంటుంది. ఆరు వారాలకే ఆశ వదులుకోవద్దు.

గజ్జలో గానీ తొడలో గానీ ఉన్నట్టుండి నొప్పి పెరిగినా, కాలు పొట్టి అయినట్టు కనిపించినా, కుట్ల దగ్గర నీరు కారినా వెంటనే ఆపరేషన్ చేసిన డాక్టరుకి చూపించండి. పిక్క వాచి గట్టిపడి నొప్పెడితే రక్తం గడ్డ కావచ్చు. అలాంటి కాలికి నూనె రాసి మర్దన చేయకండి. ఊపిరాడకపోయినా ఛాతీలో నొప్పి వచ్చినా అర్ధరాత్రయినా హాస్పిటల్‌కి వెళ్ళాలి.

---

వైరా అబ్బాయి:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఫిజియో గారూ, మీరు చెప్పినట్టే బీపీ చూశాం. పడుకున్నప్పుడు 136, లేచి నిలబడ్డాక 104. ఆ కాగితం తీసుకుని ఖమ్మంలో జనరల్ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన బీపీ మాత్ర మోతాదు తగ్గించి, నిద్రమాత్ర మెల్లగా మాన్పించే పద్ధతి రాసిచ్చారు. హిమోగ్లోబిన్ 8.9 ఉంది, దానికీ మందు రాశారు. నీళ్ళ సంగతి చెల్లెలు అడిగితే అమ్మ మొదట ఒప్పుకోలేదు. తర్వాత ‘పగలంతా నా చుట్టూ మీరు తిరుగుతుంటే నాకు బాగుంటుందా’ అంది. తెనాలి అక్కా, మీరు చెప్పకపోతే మాకు ఎప్పటికీ తట్టేది కాదు. కమోడ్ కుర్చీ తెచ్చాం.

పెద్దమ్మ పప్పుకి ఒప్పుకుంది. గుడ్డు ఇంకా లేదు.

ఇప్పుడు కళ్ళు తిరగడం బాగా తగ్గింది. కుర్చీలోంచి తనంతట తనే లేస్తోంది. మిషను మీద 18 దాకా వచ్చింది. కానీ వాకర్‌తో రెండు అడుగులు వేశాక ఆగిపోతోంది. గోడో మనిషో ఆసరా లేకపోతే చేతులు వణుకుతున్నాయి. ఇప్పుడైనా ఇది భయమే అనుకోవచ్చా?

---

నల్గొండ మాస్టారు:

బాబూ, నేను పక్కన నిలబడి చూసినవాణ్ణి కాదు, పడినవాణ్ణి. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. ఇప్పుడు 76. మూడేళ్ళ కిందట మా ఇంటి గడప తట్టుకుని పడ్డాను, కుడి తుంటి మెడ దగ్గర విరిగింది. నాకు రాడ్డు కాదు, బాల్ మార్చారు.

ఆ భయం ఎలా ఉంటుందో చెబితే మీకు పనికొస్తుందేమో. ఆ కాలు నాది అనిపించేది కాదు. కింద పెట్టబోతే నేల ఎంత దూరంలో ఉందో తెలిసేది కాదు. నా తలకి అంతా తెలుసు. డాక్టరు ఎక్స్‌రే చూపించి వివరంగా చెప్పాడు, నాకు నమ్మకం కూడా కుదిరింది. అయినా పాదం ఎత్తాల్సిన క్షణంలో ఒళ్ళంతా బిగుసుకుపోయేది. ‘ఏం కాదు మాస్టారూ, నడవండి’ అని చుట్టూ ఉన్నవాళ్ళు అంటుంటే దుఃఖం వచ్చేది. పడినప్పుడు కూడా ఏమీ కాదనే కదా నడిచాను. కాబట్టి అమ్మగారితో ఆ మాట అనకండి. ‘భయంగా ఉందా అమ్మా, సరే, ఇక్కడే కాసేపు నిలబడదాం’ అనండి. నిలబడి ఉండగలగడం కూడా పెద్ద పనే.

నన్ను నడిపించింది మా మనవరాలు. డిగ్రీ చదువుతోంది. ఒక రోజు ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ తెచ్చి మంచం దగ్గర్నుంచి వీధి తలుపు దాకా వరసగా వేసింది. ఒక్కో కుర్చీకి మధ్య నాలుగైదు అడుగుల దూరం. ‘తాతయ్యా, ఎక్కడ కాళ్ళు వణికితే అక్కడ కూర్చో, తలుపు దాకా వెళ్ళాలని లేదు’ అంది. ఎదురుగా కూర్చునే చోటు కనపడుతుంటే అడుగు పడింది. ఆ తర్వాత రోజుకి కొంచెం చొప్పున కుర్చీల మధ్య దూరం పెంచుకుంటూ పోయింది, నాకు చెప్పకుండా. నేను గమనించాను, గమనించినట్టు చెప్పలేదు. మీ ఇంట్లో అన్ని కుర్చీలు లేకపోతే పెట్టె, స్టూలు, ఏదైనా సరే, కదలకుండా ఉంటే చాలు.

నాది బాల్ మార్చిన ఆపరేషన్ కాబట్టి కొన్ని నిబంధనలు పెట్టారు. తక్కువ ఎత్తు పీటల మీద కూర్చోకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు, నడుం వంచి నేల మీద వస్తువు తీయకూడదు, పక్కకి తిరిగి పడుకుంటే కాళ్ళ మధ్య దిండు ఉండాలి. లేకపోతే బాల్ గూట్లోంచి తప్పుకునే ప్రమాదం ఉంది. మీ అమ్మగారిది రాడ్డు, ఆవిడకి ఇవి వర్తించవు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ రెండు ఆపరేషన్లనీ కలిపేసి మాట్లాడతారు, అందుకని చెబుతున్నాను. ఆమెకి ఏం కూడదో ఆమె డాక్టరునే అడగండి.

వాకర్ నుంచి కర్రకి మారినప్పుడు ఊళ్ళో అందరూ నాకు కర్ర కుడి చేతిలో పెట్టారు, విరిగింది కుడి కాలు కదా అని. ఫిజియో వచ్చి ఎడమ చేతిలోకి మార్చాడు. కుడి కాలు మీద నిలబడినప్పుడు నడుం ఎడమ పక్కకి ఒరిగిపోకుండా పట్టి ఉంచేది కుడి తుంటి పక్కనున్న కండ. అది బలహీనపడింది. ఎడమ చేతిలో కర్ర నేలకి ఆనితే ఆ కండ మీద భారం తగ్గుతుంది. లివర్ లెక్క అది. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, వెంటనే ఒప్పుకున్నాను.

ఇంకొకటి తప్పనిసరిగా అడగండి. ఒక తుంటి విరిగిందంటే ఎముకలన్నీ పలచబడ్డాయనే అర్థం. మామూలుగా నిలబడిన ఎత్తు నుంచి పడితే ఎముక విరగకూడదు. నాకు డెక్సా స్కాన్ (ఎముక ఎంత గట్టిగా ఉందో చూసేది), విటమిన్ డి పరీక్ష, కిడ్నీ పరీక్ష చేసి ఏడాదికి ఒకసారి సెలైన్లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. మొదటిసారి జ్వరం, ఒళ్ళు నొప్పులు వచ్చాయి, రెండు రోజుల్లో పోయాయి. రెండో ఏడాది ఏమీ రాలేదు. మా అబ్బాయి నాకు చూపించాడు, 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది, తుంటి ఆపరేషన్ అయిన 90 రోజుల లోపు ఈ ఇంజెక్షన్ మొదలుపెట్టినవాళ్ళలో కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం తగ్గిందట. మీ అమ్మగారికి ఆ గడువు ఇంకా ఉంది. రాడ్డు వేసినవాళ్ళు చాలాసార్లు ఎముక మందు సంగతి ఎత్తరు, మనమే అడగాలి.

ఇప్పుడు నేను ఇంట్లో కర్ర లేకుండా తిరుగుతాను. బయటకి మాత్రం కర్ర పట్టుకునే వెళ్తాను. పొద్దున్నే లైబ్రరీకి నడిచి వెళ్ళి పేపర్లు చదువుకుని వస్తాను.

---

వైరా అబ్బాయి:

మాస్టారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. ‘కాలు నాది అనిపించేది కాదు’ అన్న చోట ఆపి, అదే రా, సరిగ్గా అదే అంది. ఇన్ని రోజులూ ఆ మాట చెప్పడానికి తనకి తెలియలేదట. కుర్చీలు వేశాం. మా పక్కింటివాళ్ళవి రెండు తెచ్చాం. మంచం నుంచి వంటింటి గుమ్మం దాకా వచ్చింది, మధ్యలో ఒక్కసారే కూర్చుంది.

ఎముక మందు గురించి వచ్చే వారం సర్జన్ గారిని అడుగుతాను, కాగితం మీద రాసుకున్నాను.

ఫిజియో గారూ, ఇంకొక్క సందేహం. మాఘమాసంలో మా మామయ్య కూతురి పెళ్ళి సత్తుపల్లిలో. వెళ్తానని అమ్మ పట్టుబడుతోంది. ఇన్నాళ్ళకి తనంతట తను ఒకటి కావాలని అడిగింది. కారులో తీసుకెళ్ళవచ్చా? అక్కడ రెండు మెట్లు ఎక్కాలి.

---

ఇంటింటి ఫిజియో, గుంటూరు:

తప్పకుండా తీసుకెళ్ళండి, సర్జన్ గారికి ఒక మాట చెప్పి. దూరం ఎక్కువేం కాదు. ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, సీటు లోతుగా ఉంటే గట్టి దిండు వేయండి. ముందు వెనక్కి తిరిగి, కాళ్ళకి సీటు అంచు తగిలాక పిర్రలు పెట్టి కూర్చోవాలి. ఆ తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. సీటు మీద పాలిథిన్ కవరు వేస్తే తిరగడం తేలిక, కూర్చున్నాక తీసేయండి. దారిలో ఒకసారి ఆపి దింపి నిలబెట్టండి. కూర్చున్నంతసేపూ పాదాలు ఆడిస్తూ ఉండమనండి.

మెట్లు పెళ్ళికి ముందే ఇంట్లో అలవాటు చేయించండి. మీ ఇంటి వీధి మెట్టు ఒక్కటి చాలు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఒక పక్క గోడో రెయిలింగో ఉండాలి, రెండో పక్క చెల్లెలు బెల్టు పట్టుకోవాలి. ఎక్కేటప్పుడు చెల్లెలు ఒక మెట్టు కింద, దిగేటప్పుడు కూడా కిందే, ఆవిడకి ఎదురుగా ఉండాలి. మిషను మీద 25 వచ్చాకే మెట్లు.

పెళ్ళిలో భోజనాలు బల్లల మీద పెట్టే చోటే కూర్చోబెట్టండి, కింద బంతి వద్దు. బంధువులు వచ్చి చెయ్యి పట్టుకుని లాగి పలకరిస్తారు, లేచి నిలబడమంటారు. పక్కన ఎవరో ఒకరు ఎప్పుడూ ఉండాలి. మండపంలో వైర్లు, చాపల అంచులు, నీళ్ళు ఒలికిన చోట్లు ముందే చూసుకోండి. కమోడ్ కుర్చీ మడిచి డిక్కీలో వేసుకెళ్ళండి, లేకపోతే ఆవిడ ఆ రోజంతా మళ్ళీ నీళ్ళు తాగరు.

మీరు హైదరాబాద్ వెళ్ళాక వారానికోసారి చెల్లెలు వీడియో తీసి పంపితే, ఇక్కడ పెట్టండి. నడుం పక్కకి ఒరుగుతోందో లేదో చూసి కర్రకి ఎప్పుడు మారాలో చెబుతాను.